జెండా ఎగరని ఓడ

డబ్బు కట్టింది టర్కీ. తీసుకుపోయింది బ్రిటన్. 1914లో చేజారిన ఒక యుద్ధనౌక కథ ఇది.

1914 ఆగస్టు మొదటి రోజులు. ఉత్తర ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గర టైన్ నదిలో రెండు ఓడలు నిలిచి ఉన్నాయి. ఒకటి ఇస్తాంబుల్ నుంచి వచ్చిన ప్రయాణికుల ఓడ రషీద్ పాషా. అందులో సుమారు 500 మంది టర్కీ నావికులు ఉన్నారు. రెండోది వాళ్ళు తీసుకువెళ్ళడానికి వచ్చిన కొత్త యుద్ధనౌక. దాని పేరు 'సుల్తాన్ ఉస్మానె అవ్వల్'. అంటే మొదటి ఉస్మాన్ సుల్తాన్. ఉస్మానియా సామ్రాజ్యానికి పునాది వేసిన పాలకుడి పేరు. (మన హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన ఉస్మాన్ వేరు, ఆయన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్.)

నావికులకు నాయకుడు రవూఫ్ బే. వయసు ముప్ఫై మూడేళ్ళు. అంతకు ముందటి ఏడాది 'హమీదియా' అనే ఒంటరి ఓడతో గ్రీకుల దిగ్బంధాన్ని దాటి వెళ్ళి, నెలల తరబడి శత్రువుకు చిక్కకుండా తిరిగిన కెప్టెన్‌గా టర్కీలో ఇంటింటా తెలిసిన పేరు ఆయనది. ఓడ చివరి వాయిదా సొమ్ము 7 లక్షల టర్కీ లీరాలు చెల్లించామని, ఆగస్టు 2న ఓడను అప్పగించడానికి ఒప్పందం కుదిరిందని, తీరా ఆ వేడుకకు అరగంట ముందు బ్రిటిష్ ప్రభుత్వం ఓడను స్వాధీనం చేసుకున్నట్టు చెప్పిందని ఆయన తర్వాత వివరించారు.

సాయుధ సిపాయిలు ఓడ ఎక్కారు. టర్కీ నావికులను దాని దరిదాపులకు రానివ్వలేదు. పెట్టెలో మడిచి తెచ్చుకున్న నెలవంక జెండా పెట్టెలోనే ఉండిపోయింది. ఆ రోజుకు బ్రిటన్‌కూ టర్కీకీ మధ్య యుద్ధం లేదు, తగాదా కూడా లేదు.

ఒక దేశం కోసం మొదలై, సగంలో మరో దేశానికి అమ్ముడై, చివరికి మూడో దేశం చేతిలో పడ్డ ఈ ఓడ వెనుక ఎందరో మామూలు మనుషుల చందాలు ఉన్నాయి. ఆ సొమ్ము ఏమైంది అన్నదే ఈ కథలో అసలు ప్రశ్న.

పుట్టుక బ్రెజిల్ కోసం

మొదట ఈ ఓడను కట్టించుకోదలచింది దక్షిణ అమెరికాలోని బ్రెజిల్. ఆ రోజుల్లో భారీ ఫిరంగులున్న 'డ్రెడ్‌నాట్' తరహా యుద్ధనౌక ఉండటం దేశాలకు పరువు సమస్య. పొరుగున ఉన్న అర్జెంటీనా, చిలీలతో పోటీ పడి బ్రెజిల్ అప్పటికే రెండు డ్రెడ్‌నాట్లు కొన్నది. మూడోది అంతకు మించి ఉండాలనుకుంది. న్యూకాజిల్‌లోని ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీకి ఆర్డరు ఇచ్చింది. 1911 సెప్టెంబరులో పని మొదలైంది. 1913 జనవరి 22న ఓడను నీటిలోకి దించి 'రియో డి జనైరో' అని పేరు పెట్టారు.

ఓడ పొడవు 671 అడుగులు. బరువు సుమారు 27,500 టన్నులు. దాని మీద వరసగా ఏడు ఉక్కు గుమ్మటాలు, ఒక్కో గుమ్మటంలో రెండేసి ఫిరంగులు. గొట్టం లోపలి వెడల్పు 12 అంగుళాలున్న ఫిరంగులు మొత్తం 14. ఇన్ని భారీ ఫిరంగులున్న డ్రెడ్‌నాట్ అంతకు ముందు లేదు, ఆ తర్వాతా రాలేదు. గుమ్మటాలు ఏడు కావడంతో తర్వాత బ్రిటిష్ నావికులు వాటిని ఆదివారం, సోమవారం అంటూ వారాల పేర్లతో పిలుచుకున్నారు.

ఓడ నీటిలోకి దిగేనాటికి బ్రెజిల్ జేబు ఖాళీ అయింది. దాని సంపదకు ఆధారం కాఫీ, రబ్బరు. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఆంగ్లేయుడు బ్రెజిల్ అడవుల నుంచి రబ్బరు విత్తనాలు లండన్‌కు చేర్చాడు. వాటి సంతతి సింహళంలో, మలయాలో తోటలై పెరిగింది. మలయా తోటల్లో చెమటోడ్చిన కూలీల్లో కోస్తాంధ్ర నుంచి వలస వెళ్ళిన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ తోటల రబ్బరు మార్కెట్‌లోకి వచ్చేసరికి 1910 తర్వాత ధరలు కూలిపోయాయి. పైగా అదే 1910లో బ్రెజిల్ నావికులు తమను కొరడాలతో కొట్టే శిక్షలకు వ్యతిరేకంగా కొత్త యుద్ధనౌకలనే చేజిక్కించుకుని రాజధాని మీదికి ఫిరంగులు తిప్పారు. ఇక ఈ భారం మనకెందుకని బ్రెజిల్ 1913లో సగం పూర్తయిన ఓడను అమ్మకానికి పెట్టింది.

ఏజియన్‌లో తగిలిన దెబ్బ

సరిగ్గా అప్పుడే ఉస్మానియా సామ్రాజ్యం కష్టకాలంలో ఉంది. 1912 అక్టోబరులో గ్రీసు, బల్గేరియా, సెర్బియా, మాంటెనిగ్రో ఏకమై దాని మీద యుద్ధానికి దిగాయి. వీటినే బాల్కన్ యుద్ధాలంటారు. ఐరోపాలో శతాబ్దాలుగా తన ఏలుబడిలో ఉన్న భూమిలో చాలా భాగాన్ని సామ్రాజ్యం కొద్ది నెలల్లో పోగొట్టుకుంది. ఊళ్ళు వదిలి వచ్చిన కాందిశీకులతో ఇస్తాంబుల్ మసీదులు నిండిపోయాయి.

సముద్రంలోనూ ఓటమే. 1912 డిసెంబరు 16న, 1913 జనవరి 18న దార్దనెల్స్ బయట జరిగిన రెండు పోరాటాల్లో టర్కీ నౌకాదళాన్ని గ్రీకులు వెనక్కి తరిమారు. ఏజియన్ దీవులు చేజారాయి. ఆ విజయాలకు మూలం 'అవెరోఫ్' అనే ఒకే ఒక్క వేగవంతమైన గ్రీకు యుద్ధనౌక. విశేషమేమిటంటే అది కూడా సగంలో చేతులు మారిన ఓడే. ఇటలీలో కడుతుండగా అక్కడి ప్రభుత్వం వద్దనుకుంటే గ్రీసు కొనేసింది. ధరలో సుమారు మూడో వంతు ఈజిప్టులో వ్యాపారం చేసి గడించిన జార్జ్ అవెరోఫ్ అనే గ్రీకు ధనికుడు వీలునామాలో రాసి ఇచ్చిన సొమ్ము. ఆయన పేరే ఓడకు పెట్టారు.

ఒక ధనికుడి విరాళం అవతలివాళ్ళను గెలిపించింది. ఇవతల అంతటి ధనికుడు దొరకలేదు. ప్రజలే పూనుకున్నారు.

దొనన్మా సంఘం

1909లోనే ఇస్తాంబుల్‌లో నౌకాదళ సహాయ సంఘం ఒకటి ఏర్పడింది. టర్కీ భాషలో నౌకాదళాన్ని 'దొనన్మా' అంటారు. సంఘం సామ్రాజ్యమంతటా శాఖలు పెట్టింది, సొంతంగా పత్రిక నడిపింది, చందా ఇచ్చినవాళ్ళకు పతకాలు ఇచ్చింది. ఉద్యోగులు జీతంలో కొంత ఇచ్చారు. కాఫీ దుకాణాల్లో, బడుల్లో, బజార్లలో చందాలు పోగయ్యాయి. ఆడవాళ్ళు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. నగలు లేనివాళ్ళు జడలు కత్తిరించి అమ్మి ఆ డబ్బు ఇచ్చారని టర్కీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ ఉత్సాహం వెనుక పేదవాడి లెక్క ఒకటి ఉంది. సముద్రం మన చేతిలో ఉంటే కొడుకులు దూరతీరాల్లో చిక్కుకుని చావరు, పోయిన దీవులు తిరిగి వస్తాయి, ఇంకో ఊరు వదిలి పారిపోయే అవసరం రాదు. ఒక్కో రాగి నాణెం వెనుక ఈ ఆశ ఉంది.

మొదట్లో ఆ సొమ్ము సాయంతో జర్మనీ నుంచి రెండు పాత యుద్ధనౌకలు, కొన్ని చిన్న ఓడలు కొన్నారు. బాల్కన్ యుద్ధంలో అవి చాలవని తేలిపోయింది. 1911లోనే ఇంగ్లండులోని వికర్స్ కంపెనీకి ఒక కొత్త డ్రెడ్‌నాట్ ఆర్డరు ఇచ్చారు. అప్పటి సుల్తాను ఐదో మెహమెద్ రషాద్ పేరు మీద దానికి 'రషాదియా' అని పేరు. అది 1913 సెప్టెంబరు 3న బారో పట్టణంలో నీటిలోకి దిగింది. దాని పక్కన ఇంకొకటి ఉంటే ఏజియన్ మళ్ళీ మనదే అనుకున్నారు ఇస్తాంబుల్ పెద్దలు. బ్రెజిల్ ఓడ మీద వాళ్ళ కళ్ళు పడ్డాయి.

బేరం కుదిరింది

ఆ ఓడ కోసం గ్రీసు కూడా ప్రయత్నించింది. పారిస్‌లోని పెరియే అనే బ్యాంకు టర్కీకి అప్పు ఇవ్వడానికి ముందుకు రావడంతో బేరం టర్కీ వైపు మొగ్గింది. 1913 డిసెంబరు 28న 27 లక్షల 50 వేల పౌన్లకు సగం కట్టిన ఓడ టర్కీ సొత్తయింది. ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ఓడ ఖరీదంతా చందాలతో కట్టింది కాదు. చందాలు చాలక వడ్డీకి అప్పు తెచ్చారు. ఆ అప్పు తీర్చాల్సింది పన్నులు కట్టే ఆ జనమే. అంటే ఒకే ఓడకు వాళ్ళు ఇష్టంతో ఒకసారి, తప్పనిసరై ఇంకోసారి చెల్లించారన్నమాట.

ఇంగ్లండు మీద టర్కీకి అనుమానం లేదు. అప్పట్లో టర్కీ నౌకాదళానికి శిక్షణ ఇస్తున్నదే బ్రిటిష్ అధికారులు. ఇస్తాంబుల్‌లో అడ్మిరల్ లింపస్ ఆ బృందానికి నాయకుడు. ఓడరేవు పనుల బాగుచేతకు కూడా బ్రిటిష్ కంపెనీలతోనే ఒప్పందం కుదిరింది. సైన్యానికి జర్మన్లు, నౌకాదళానికి ఆంగ్లేయులు అన్నట్టు నడిచింది వ్యవహారం.

ఈ ఓడల రాక గురించి రష్యా కంగారు పడింది. రెండు డ్రెడ్‌నాట్లు ఇస్తాంబుల్ చేరితే నల్ల సముద్రంలో తన ఆధిపత్యం పోతుందని దాని భయం. ఓడల అప్పగింతను ఆలస్యం చేయించమని 1914 వేసవిలో లండన్‌ను అడిగింది. ప్రైవేటు కంపెనీల వ్యాపారంలో తాము జోక్యం చేసుకోలేమని బ్రిటిష్ ప్రభుత్వం జవాబిచ్చింది. ఆ మాట అన్న రెండు నెలలకే పరిస్థితి తిరగబడింది.

లండన్ లెక్క

1914 జూన్ 28న సరాయెవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగింది. జూలై చివరికి ఐరోపా యుద్ధం అంచుకు చేరింది. అప్పుడు బ్రిటన్‌లో నౌకాదళ శాఖ మంత్రి విన్‌స్టన్ చర్చిల్. జర్మనీతో తలపడాల్సి వస్తే ఉత్తర సముద్రంలో తమకు ఎన్ని డ్రెడ్‌నాట్లు, వాళ్ళకు ఎన్ని అని ఆయన లెక్క వేసుకుంటున్నాడు. తన రేవుల్లోనే దాదాపు పూర్తయిన రెండు పరాయి ఓడలు కనిపించాయి. తీసుకుంటే తన బలం రెండు పెరుగుతుంది. వదిలేస్తే రేపు శత్రువు పక్షాన చేరే ప్రమాదం ఉంది. జూలై నెలాఖరున మంత్రివర్గం ఆయన మాటకు ఒప్పుకుంది. కంపెనీలకు ఆదేశాలు అందాయి. ఓడ మీద టర్కీ జెండా ఎగిరితే వ్యవహారం చిక్కుబడుతుంది కాబట్టి అది ఎగరకముందే పని ముగించారు.

బ్రిటిష్ వైపు నుంచి చూస్తే ఇది దేశరక్షణ కోసం చేసిన పని. ఆపదలో ఉన్న ప్రభుత్వం తన నేల మీద తయారైన ఆయుధాన్ని బయటికి పోనివ్వదన్న వాదనలో బలం లేకపోలేదు. అయితే ఆ పని చేసిన తీరు వేరే సంగతి. నష్టపరిహారం సంగతి తగిన విధంగా ఆలోచిస్తామని టర్కీకి కబురు పంపారు. ఎంత, ఎప్పుడు అన్నది మాత్రం చెప్పలేదు.

ఇదే సమయంలో ఇంగ్లండులో చిలీ దేశం కోసం కూడా ఒక డ్రెడ్‌నాట్ తయారవుతోంది. బ్రిటన్‌కు అదీ కావలసి వచ్చింది. చిలీతో మాట్లాడి, ఒప్పించి, 1914 సెప్టెంబరులో డబ్బిచ్చి కొన్నది. యుద్ధం ముగిశాక 1920లో దాన్ని మళ్ళీ చిలీకే అమ్మింది. అదే కాలం, అదే అవసరం, అదే ప్రభుత్వం. మర్యాద మాత్రం రెండు రకాలు.

ఇస్తాంబుల్‌లో ఆగ్రహం

ఓడలు వస్తాయని, స్వాగత సంబరాలు జరుపుకోవాలని ఎదురుచూస్తున్న ఇస్తాంబుల్‌కు ఈ వార్త పిడుగులా తగిలింది. పత్రికలు దీన్ని దొంగతనం అన్నాయి. చందా ఇచ్చిన ప్రతివాడికీ తన జేబులోంచి ఎవరో లాక్కుపోయినట్టే అనిపించింది. ప్రభుత్వాల మధ్య సాధారణంగా జరిగే తగాదాలు బజారులో బండి లాగే మనిషిని అంతగా తాకవు. ఈ తగాదా తాకింది. కారణం చందా రసీదు అతని ఇంట్లో ఉంది.

ఈ ఒక్క సంఘటనే టర్కీని యుద్ధంలోకి నెట్టిందని చాలా చోట్ల రాస్తుంటారు. చరిత్ర అంత సులువుగా లేదు. ఆగస్టు 2నే, అంటే ఓడల సంగతి అధికారికంగా తెలియకముందే, యుద్ధమంత్రి అన్వర్ పాషా, ప్రధానమంత్రి సయీద్ హలీమ్ పాషా తదితర కొద్దిమంది జర్మనీతో రహస్య ఒప్పందం చేసుకున్నారు. మంత్రుల్లోనే కొందరికి ఆ సంగతి తెలియదు. అంతకు ముందు రోజు 'సుల్తాన్ ఉస్మాన్' ఓడను జర్మనీ రేవుకు పంపిస్తామని అన్వర్ జర్మన్లతో అన్నట్టు తర్వాత బయటపడిన జర్మన్ పత్రాలు చెబుతున్నాయి. కాబట్టి చర్చిల్ అనుమానం వట్టి ఊహ కాదు. అయితే ఆ అనుమానం నిజమని ఓడలు పట్టుకునేనాటికి లండన్‌కు తెలియదు. ప్రజల చందాల మీద నిలిచిన ఓడను ప్రజలకు తెలియకుండా పరాయి రేవుకు పంపాలనుకున్న వాళ్ళూ ఆ ప్రజలకు జవాబుదారులే.

ఇదంతా సామాన్య జనానికి తెలియదు. వాళ్ళకు తెలిసింది ఒక్కటే. డబ్బు కట్టాం, ఓడ ఇవ్వలేదు. యుద్ధం వద్దన్న మంత్రుల నోళ్ళు ఆ కోపం ముందు మూతపడ్డాయి. యుద్ధం కావాలన్నవాళ్ళకు మాటలు వెతుక్కునే పని తప్పింది.

తలుపు తట్టిన రెండు ఓడలు

ఆ సమయంలో మధ్యధరా సముద్రంలో 'గోబెన్', 'బ్రెస్లావ్' అనే రెండు జర్మన్ యుద్ధనౌకలు బ్రిటిష్ ఓడల వేటను తప్పించుకుంటూ తిరుగుతున్నాయి. అడ్మిరల్ సూషోన్ నాయకత్వంలో అవి 1914 ఆగస్టు 10న దార్దనెల్స్ జలసంధిలోకి వచ్చాయి. తటస్థ దేశంలో పరాయి యుద్ధనౌకలు ఉండకూడదు. అందుకని వాటిని టర్కీ కొన్నట్టు కాగితం మీద రాసుకున్నారు. గోబెన్ పేరు 'యవూజ్ సుల్తాన్ సలీమ్', బ్రెస్లావ్ పేరు 'మిదిల్లీ' అయ్యాయి. జర్మన్ నావికులు అవే ఓడల మీద తలకు ఎర్ర తుర్కీ టోపీలు పెట్టుకుని కనిపించారు.

ఇంగ్లండు తీసుకున్న రెండు ఓడలకు బదులు జర్మనీ రెండు ఓడలు ఇచ్చిందని జనం సంతోషించారు. లండన్ అప్పుడు మేలుకుంది. జర్మన్ నావికులను పంపించేస్తే, పట్టుకున్న ఓడలకు రోజుకు 1,000 పౌన్ల చొప్పున అద్దె ఇస్తామని, యుద్ధం తర్వాత ఓడలు తిరిగి ఇస్తామని ఆగస్టులో చర్చిల్ కబురు పెట్టాడు. ఆగస్టు మొదట్లోనే ఈ మాట అని ఉంటే ఎలా ఉండేదో గాని, అప్పటికి సమయం మించిపోయింది.

అక్టోబరు 29న యవూజ్, మిదిల్లీ తదితర ఓడలు నల్ల సముద్రంలోని రష్యా రేవుల మీద గుండ్లు కురిపించాయి. నవంబరు మొదటి వారంలో రష్యా, బ్రిటన్, ఫ్రాన్సులు టర్కీ మీద యుద్ధం ప్రకటించాయి. నవంబరు 14న ఇస్తాంబుల్‌లో సుల్తాను పేరిట జిహాద్ ప్రకటన వెలువడింది. 1915లో దార్దనెల్స్‌ను ఛేదించబోయి బ్రిటన్, ఫ్రాన్సులు ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆ ప్రయత్నానికి పట్టుబట్టిన చర్చిల్ నౌకాదళ శాఖనే పోగొట్టుకున్నాడు.

మన దేశంలో సందిగ్ధం

ఈ వార్తలు భారతదేశ ముస్లింలను ఇరకాటంలో పెట్టాయి. ఖలీఫా ఒకవైపు, పాలించే ప్రభుత్వం ఒకవైపు. రెండేళ్ళ క్రితమే బాల్కన్ యుద్ధంలో గాయపడ్డ టర్కీ సిపాయిలకు వైద్యం చేయడానికి డాక్టర్ ఎం.ఎ. అన్సారీ నాయకత్వంలో ఇక్కడి నుంచి ఒక బృందం వెళ్ళింది. దేశమంతటా చందాలు పోగుచేసి పంపిన బృందమది. 1914 సెప్టెంబరులో మౌలానా ముహమ్మద్ అలీ తన 'కామ్రేడ్' పత్రికలో 'తుర్కుల ఎంపిక' అనే అర్థం వచ్చే శీర్షికతో సుదీర్ఘ వ్యాసం రాశారు. టర్కీకి బ్రిటన్ మీద ఉన్న ఫిర్యాదులన్నీ అందులో ఏకరువు పెట్టారు. ప్రభుత్వం పత్రిక ధరావతును జప్తు చేసింది. పత్రిక మూతపడింది.

హైదరాబాదులో దారి వేరుగా సాగింది. ముస్లింలు బ్రిటిష్ ప్రభుత్వానికి విధేయులుగా ఉండాలని నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1914 నవంబరులో ప్రకటన చేశారు. హైదరాబాదు సంస్థానపు అశ్వికదళం మైసూరు, జోధ్‌పూర్ దళాలతో కలిసి వెళ్ళి సూయెజ్ కాలువ దగ్గర, పాలస్తీనాలో టర్కీ సైన్యంతో పోరాడింది. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సైనికుల స్మారకమే. టైన్ నది ఒడ్డున జరిగిన ఒక అన్యాయం ఎన్ని ఇళ్ళ వరకు వచ్చిందో చూడండి. మన దక్కను సిపాయి గుర్రమెక్కి వెళ్ళి ఎవరితో తలపడ్డాడో, అవతలి సిపాయి తల్లి ఏ ఓడ కోసం గాజులు తీసి ఇచ్చిందో ఆ ఇద్దరికీ తెలియదు.

ఓడ ఏమైంది?

బ్రిటిష్‌వాళ్ళు 'సుల్తాన్ ఉస్మాన్'కు 'అజిన్‌కోర్ట్' అని, 'రషాదియా'కు 'ఎరిన్' అని పేర్లు మార్చారు. 1916 మే 31న డెన్మార్క్ దగ్గర జట్లాండ్ సముద్ర యుద్ధంలో రెండూ పాల్గొన్నాయి. అజిన్‌కోర్ట్ 144 భారీ గుండ్లు పేల్చింది. ఎరిన్ తన పెద్ద ఫిరంగులను ఒక్కసారి కూడా పేల్చలేదు. ఆ యుద్ధంలో పెద్ద ఫిరంగులు పేల్చని బ్రిటిష్ డ్రెడ్‌నాట్ అదొక్కటే. అంత హడావుడిగా తీసుకున్న ఓడల వల్ల బ్రిటన్‌కు ఒరిగింది ఇంతే. యుద్ధం తర్వాత వాటి అవసరం తీరిపోయింది. 1922లో రెండింటినీ పాత ఇనుముకు అమ్మేశారు.

బదులుగా వచ్చిన యవూజ్ మాత్రం యుద్ధం తర్వాత టర్కీ గణతంత్రానికి మిగిలింది. 1938లో ముస్తఫా కెమాల్ అతాతుర్క్ మరణిస్తే ఆయన భౌతికకాయాన్ని ఇస్తాంబుల్ నుంచి ఇజ్మిత్ చేర్చింది ఆ ఓడే. 1970లలో గాని దాన్ని విడగొట్టలేదు. గ్రీకుల అవెరోఫ్ ఇప్పటికీ ఏథెన్స్ దగ్గర మ్యూజియంగా ఉంది.

ఆ సొమ్ము?

ఇక మొదట వేసుకున్న ప్రశ్న. 1923 జూలై 24న స్విట్జర్లాండులోని లొజాన్‌లో టర్కీ, మిత్రరాజ్యాల మధ్య సంధి కుదిరింది. కొత్త టర్కీకి ప్రపంచం గుర్తింపు ఇచ్చిన సంధి అది. అందులో 58వ అధికరణంలో ఒక అంశం ఉంది. ఇంగ్లండులో కట్టించుకున్న, 1914లో బ్రిటిష్ ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న యుద్ధనౌకలకు చెల్లించిన డబ్బును టర్కీ తిరిగి అడగదు, ఆ విషయంలో అన్ని హక్కులూ వదులుకుంటుంది అన్నది దాని సారాంశం. దొనన్మా చందాలు, పారిస్ అప్పు, రవూఫ్ బే కట్టిన చివరి వాయిదా, అన్నీ ఆ కొద్ది పంక్తుల్లో మునిగిపోయాయి.

ఆ సంధి జరిగిననాడు అంకారాలో ప్రధానమంత్రి ఎవరో కాదు, రవూఫ్ బే! 1914లో ఓడ కోసం టైన్ నది మీద ఎదురుచూసిన మనిషే. 1918 అక్టోబరు 30న ఓటమి ఒప్పుకుంటూ సంతకం చేయడానికి బ్రిటిష్ యుద్ధనౌక ఎక్కిందీ ఆయనే. బ్రిటిష్‌వాళ్ళు ఆయనను మాల్టాలో నిర్బంధించారు కూడా. లొజాన్ సంధి తర్వాత రెండు వారాలు తిరగకుండానే, 1923 ఆగస్టులో ఆయన ప్రధాని పదవి వదులుకున్నారు.

తర్వాత సొంత దేశం నుంచే ప్రవాసం వెళ్ళాల్సి వచ్చింది. ఆ రోజుల్లో, 1933లో, డాక్టర్ అన్సారీ ఆహ్వానం మీద ఆయన మన దేశానికి వచ్చి ఢిల్లీలోని జామియా మిల్లియాలో ఉపన్యాసాలు ఇచ్చారు. బాల్కన్ యుద్ధంలో చందాలు పంపిన నేల మీద, ఆ చందాల దేశపు కెప్టెన్ నిలబడ్డాడు. అంతకు రెండేళ్ళ ముందే ఉస్మానియా వంశపు ఆడపడుచులు దుర్రుషెహ్వార్, నీలోఫర్ నిజాం కోడళ్ళుగా హైదరాబాదు మెట్టారు. నీలోఫర్ ఆసుపత్రి పేరు మన తెలుగువాళ్ళలో తెలియనివారు అరుదు. ఏ వంశ మూలపురుషుడి పేరు ఆ ఓడకు పెట్టారో, ఆ వంశపు పేరే అది.

రవూఫ్ బే కథకు ఇంకో మలుపు ఉంది. 1942లో టర్కీ ఆయనను రాయబారిగా లండన్ పంపింది. అప్పుడు బ్రిటన్ ప్రధాని విన్‌స్టన్ చర్చిల్. ఒకనాడు ఓడ తీసుకున్నవాడు, ఓడ పోగొట్టుకున్నవాడు, 28 ఏళ్ళ తర్వాత ఒకే నగరంలో మర్యాదగా కరచాలనాలు చేసుకునే హోదాల్లో ఉన్నారు. రాజ్యాలు ఇలాగే మరిచిపోతాయి, మళ్ళీ కలుస్తాయి. వాటికి సంధులుంటాయి, రాయబారులుంటారు.

చందా ఇచ్చినవాడికి అవేవీ ఉండవు. కాఫీ దుకాణం డబ్బాలో నాణెం వేసిన మనిషికి 58వ అధికరణం ఎవరూ చదివి వినిపించలేదు. నలుగురి నుంచి పోగైన సొమ్ము అమానత్. దాన్ని తీసుకుపోయినవాడు జవాబు చెప్పాలి. దాన్ని ఎక్కడ, ఎవరిని నమ్మి పెట్టామన్నదానికి పోగుచేసినవాడూ జవాబు చెప్పాలి. ఈ ఓడ విషయంలో ఆ ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.